అరుగు మీదికి ఎక్కిన సముద్రం

పూర్వం ఓడవాళ్లు లోతు చూడడానికి తాడు చివర సీసపు గుండు కట్టి నీళ్లలోకి వదిలేవారు. గుండు అడుగున చిన్న గుంట ఉండేది. అందులో జంతువుల కొవ్వు కూరేవారు. గుండు నేలను తాకగానే అక్కడున్నది ఆ కొవ్వుకు అంటుకుని పైకి వచ్చేది. ఇసుకా, బురదా, గవ్వ పెంకా, గులకరాయా అన్నది వేళ్లతో నలిపి చూసుకుని, పొగమంచులో ఒడ్డు కనబడకపోయినా ఓడ ఏ ప్రాంతానికి చేరిందో పసిగట్టేవారు. తాడు ఎన్ని బారలు దిగిందీ, కొవ్వుకు ఏమంటిందీ రెండూ పటంలో రాసుకునేవారు. తరాల తరబడి ఇలా లెక్కలేనన్ని చోట్ల సముద్రపు నేలను తాకి చూసిన వివరాలు పటాల మీద పోగుపడ్డాయి.

1932లో అమెరికన్ భూగర్భ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ షెపర్డ్ ఆ పటాల మీది గుర్తులను ఓపిగ్గా పరిశీలించారు. అప్పటికి పుస్తకాల్లో ఉన్న సూత్రం సులువైనది. నది మోసుకొచ్చిన దాంట్లో బరువైన ఇసుక ఒడ్డు దగ్గరే దిగిపోవాలి. ఒండ్రు ఇంకాస్త దూరం పోవాలి. సన్నటి బురద అన్నిటికంటే దూరం వెళ్లి, నిలకడ నీళ్లలో మెల్లగా అడుక్కి చేరాలి. పటాలు చూస్తే అలా లేదు. ఒడ్డు కనుచూపుకు ఆనని దూరంలో, నలభై యాభై బారల లోతులో, ముతక ఇసుక ఉంది. గులకరాళ్లున్నాయి. ఒడ్డు దగ్గర ఉండాల్సిన గవ్వల పెంకులున్నాయి. ఈనాటి ఏ అలకూ, ఏ ప్రవాహానికీ అంత బరువును అంత దూరం ఈడ్చుకుపోయే సత్తువ లేదు.

ఆ ఇసుకను ఎవరూ అక్కడికి మోసుకుపోలేదు. ఒకప్పుడు ఒడ్డే అక్కడ ఉండేది.

మన ఊళ్లలో పాత ఇళ్లకు వీధివైపు అరుగులుండేవి. ఇల్లు అయిపోయింది, వీధి ఇంకా మొదలవలేదు. మధ్యలో కూర్చోవడానికి వీలైన చదును జాగా. ఖండాలకూ అలాంటి అరుగులున్నాయి. భూగోళ శాస్త్రం వాటిని ఖండతీరపు అంచు అంటుంది. ఒడ్డు దగ్గర మొదలై, కంటికి వాలు ఉందని కూడా తెలియనంత మెల్లగా దిగుతూ పోతుంది. కిలోమీటరు నడిస్తే దాదాపు రెండు మీటర్లు దిగినట్టు. ప్రపంచం మొత్తం మీద దాని సగటు వెడల్పు 75 కిలోమీటర్లకు అటూ ఇటుగా ఉంటుంది. ముంబై ఎదుట దాదాపు 300 కిలోమీటర్లు పరుచుకుంది. తూర్పు తీరంలో చాలా చోట్ల 50 కిలోమీటర్లు కూడా ఉండదు. సుమారు 130 మీటర్ల లోతుకు చేరాక అరుగు అయిపోతుంది. అక్కడి నుంచి నేల ఒక్కసారిగా వేల మీటర్ల అగాధంలోకి దిగిపోతుంది.

ఆ 130 అన్న అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. మంచుయుగం ముదిరిన రోజుల్లో, అంటే నేటికి 26 వేల నుంచి 19 వేల ఏళ్ల కిందట, సముద్రమట్టం ఇప్పటికంటే 120 నుంచి 130 మీటర్లు కిందుండేది. ఉత్తర అమెరికాలో దాదాపు కెనడా మొత్తాన్నీ, ఉత్తర యూరప్‌లో స్కాండినేవియానూ మంచు కప్పేసింది. కొన్నిచోట్ల ఆ మంచు మందం మూడు కిలోమీటర్లు. అంత మంచుకు నీరు ఎక్కడి నుంచి వచ్చింది? సముద్రం నుంచే. ఆవిరై పైకి లేచిన నీరు మంచై నేల మీద పడి, తిరిగి రాకుండా అక్కడే పేరుకుపోయింది. సముద్రం తగ్గి తగ్గి, అరుగు అంచు దాకా వెనక్కి పోయింది. అంటే నేటి ఖండతీరపు అంచులన్నీ దాదాపుగా ఆరుబయట పడ్డాయి. వాటి మీద గడ్డి మొలిచింది. నదులు పారాయి. జంతువులు మేశాయి. మనుషులు నడిచారు.

ఇది ఒక్కసారి జరిగిన సంగతి కాదు. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారిలో, దాని ఇరుసు ఒంపులో వేల ఏళ్లకొకసారి వచ్చే చిన్న చిన్న మార్పుల వల్ల మంచుయుగాలు వచ్చిపోతుంటాయి. గడిచిన ఎనిమిది, తొమ్మిది లక్షల ఏళ్లలో దాదాపు లక్ష ఏళ్లకొక ఆవృత్తిగా సముద్రం ఆ అరుగు దిగుతూ, ఎక్కుతూ ఉంది. 1,25,000 ఏళ్ల కిందట ఇప్పటికంటే ఆరు నుంచి తొమ్మిది మీటర్లు ఎత్తుకు కూడా వచ్చింది. అంటే మనం చూస్తున్న తీరం సముద్రానికి శాశ్వత చిరునామా కాదు. సముద్రం ఇన్నిసార్లు వచ్చి వెళ్లిన నేలలో ఒక రాత మీద ఇంకో రాత పడి ఉంటుంది. 1968లో కె.ఓ. ఎమెరీ అనే శాస్త్రవేత్త ప్రపంచంలోని ఖండతీరపు అంచుల్లో దాదాపు 70 శాతం మీద ఉన్నది ఈనాటి సముద్రం పరిచిన మట్టి కాదని, పాతకాలపు మిగులు అని అంచనా కట్టారు.

సముద్రం ఎప్పుడు ఎంత ఎత్తున ఉందో తెలుసుకోవడం ఎలా? దానికి పగడాలు సాక్ష్యం చెప్పాయి. కరీబియన్ సముద్రంలో దుప్పి కొమ్ముల్లా కొమ్మలు చాచే పగడం ఒకటుంది. దానికి ఎండ బాగా కావాలి కాబట్టి నీటి పైమట్టానికి కొద్ది మీటర్ల లోపలే పెరుగుతుంది. బార్బడోస్ దీవి ఎదుట సముద్రపు నేలను తొలిచి చూస్తే, అదే పగడం వంద మీటర్లకు పైగా లోతులో, చచ్చి రాయైన స్థితిలో దొరికింది. ఏ లోతులో దొరికిన పగడం ఎన్నేళ్ల నాటిదో లెక్కగడితే, ఏ కాలంలో నీటి పైమట్టం ఎక్కడుందో తెలిసిపోయింది. రిచర్డ్ ఫెయిర్‌బ్యాంక్స్ 1989లో ప్రకటించిన ఆ లెక్కే ఈ శాస్త్రానికి పెద్ద మలుపు.

ఆ లెక్క చెప్పిన ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. సముద్రం ఒకే నడకతో తిరిగి రాలేదు. కొన్నాళ్లు కూలబడింది. కొన్నాళ్లు ఉరికింది. సుమారు 14,600 ఏళ్ల కిందట మంచు పలకలు తెగి కరిగిన ఒక దశలో, ఐదు వందల ఏళ్లు కూడా పట్టకుండానే పదిహేను ఇరవై మీటర్లు పెరిగింది. ఏడాదికి నాలుగు సెంటీమీటర్లు అనుకుందాం. నిలువునా అది బొటనవేలు పొడవు కూడా కాదు. కానీ అరుగు వాలు కిలోమీటరుకు రెండు మీటర్లే గదా. నాలుగు సెంటీమీటర్లు నీరు పెరిగితే ఒడ్డు ఇరవై మీటర్లు లోపలికి జరుగుతుంది. ఒక మనిషి యాభై ఏళ్లు బతికితే, చిన్నప్పుడు తాను ఆడుకున్న ఇసుక నుంచి ఒడ్డు ఒక కిలోమీటరు ఇవతలికి వచ్చేసి ఉంటుంది. అప్పటి మనుషులు ఇది కళ్లారా చూసే ఉంటారు.

సముద్రపు అడుగున ఏది మిగిలింది, ఏది పోయింది అన్నది ఈ నడక మీదే ఆధారపడింది. మెల్లగా ఎక్కే సముద్రం దుక్కి దున్నినట్టు పోతుంది. అలలు విరిగే చోట నీటికి కోత బలం ఎక్కువ. ఆ కోత ఏళ్ల తరబడి ఒకేచోట పనిచేస్తే ఇసుక దిబ్బలు, ఏటి గట్లు, అడవి నేల అన్నీ కొట్టుకుపోతాయి. పలకతో చదును చేసిన వరిమడిలా నేల నున్నగా తయారవుతుంది. చాలాకాలం ఒకే మట్టంలో ఆగితే అక్కడ మెట్టులాంటి గట్టు, అలలు కోసిన రాతి చదును మిగులుతాయి. భారతదేశపు పశ్చిమ తీరంలో ఖండతీరపు అంచు మీద ఇలాంటి మునిగిన మెట్లు వేర్వేరు లోతుల్లో ఉన్నాయి. అదే సముద్రం ఉరుకున వచ్చిన చోట అలలకు పని పూర్తిచేసే వ్యవధి ఉండదు. దిబ్బ దిబ్బగానే, ఏటి పాయ పాయగానే నీళ్ల కిందికి పోతుంది. పల్లపు తావుల్లో ఉన్నవి కూడా బతుకుతాయి. నదీలోయ అడుగున పేరుకున్న మట్టి అలల కోతకు అందదు కాబట్టి, పైనున్నదంతా చెరిగిపోయినా లోయ మాత్రం బురదతో నిండి భద్రంగా ఉంటుంది.

అలా భద్రంగా ఉన్న ముక్క ఒకటి 1931లో ఉత్తర సముద్రంలో వలకు చిక్కింది. కోలిండా అనే చేపల పడవ ఇంగ్లండ్ తూర్పు తీరానికి ఎదుట, సుమారు ఇరవై బారల లోతులో వల ఈడుస్తోంది. వలలో చేపలతో పాటు నల్లటి మట్టిపెళ్ల వచ్చింది. కుళ్లిన మొక్కలు వేల ఏళ్లు నీటిలో నాని గడ్డకట్టిన మట్టి అది. అక్కడి జాలర్లకు అది కొత్త కాదు. వలకు అడ్డం పడే చెత్త కింద జమకట్టి తిరిగి సముద్రంలో పారేసేవారు. ఆ రోజు పడవ నాయకుడు పారతో పెళ్లను పగలగొడుతుంటే లోపల గట్టిగా ఏదో తగిలింది. తీసి చూస్తే జానెడు పొడవున దుప్పి కొమ్ముతో చెక్కిన ముల్లు. ఒక పక్కంతా వరసగా పళ్లు కోసి ఉంది, పొడిస్తే ఊడి రాకుండా. ఎవరో వేటకు వాడుకున్న ఆయుధం. ఆ మట్టిలోని పుప్పొడిని పరీక్షిస్తే అది ఉప్పునీటి నేల కాదని, చెట్లూ మంచినీటి మడుగులూ ఉన్న నేల అని తేలింది. తర్వాత కాలనిర్ణయంలో ఆ ముల్లు పదమూడు వేల ఏళ్లకు పైబడినదని తెలిసింది.

బ్రిటన్‌ను యూరప్‌తో కలిపిన ఆ మునిగిన దేశానికి 1998లో బ్రయోనీ కోల్స్ అనే పురావస్తు శాస్త్రవేత్త డాగర్‌ల్యాండ్ అని పేరు పెట్టారు. అక్కడి చేపల మేడు డాగర్ బ్యాంక్ పేరు మీద. ఆ తర్వాత దాని పటం గీయడానికి కొత్త సర్వే అక్కర్లేకపోయింది. చమురు కంపెనీలు భూమి లోపలి పొరల కోసం శబ్ద తరంగాలు పంపి చేసిన కొలతలు అప్పటికే ఉన్నాయి. వాళ్లకు కావాల్సింది కిలోమీటర్ల లోతున ఉన్న చమురు. పై పొరలు వాళ్లకు అనవసరం. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో విన్స్ గాఫ్నీ బృందం ఆ అనవసరమైన పై పొరలనే తీసుకుని చూసింది. మెలికలు తిరిగిన నదులు, వాటిలో కలిసే వాగులు, సరస్సులు, పాత తీరరేఖలు కనబడ్డాయి. నీళ్లు తీసేస్తే నడిచి వెళ్లగలిగే దేశం అక్కడుంది. సుమారు 8,150 ఏళ్ల కిందట నార్వే ఎదుట సముద్రంలో స్టోరెగ్గా అనే చోట పెద్ద మట్టిచరియ జారి సునామీ లేచింది. అప్పటికే నీరు ఎక్కి దీవులుగా మిగిలిన డాగర్‌ల్యాండ్‌ను ఆ అలలు తాకాయి.

ఆసియాలో ఇంతకంటే పెద్ద నేల మునిగింది. సుమత్రా, జావా, బోర్నియో దీవులు ఒకప్పుడు మలయా ద్వీపకల్పంతో కలిసిన ఒకే భూభాగం. జావా సముద్రం సగటు లోతు యాభై మీటర్లు కూడా లేదు. డచ్ భూగర్భ శాస్త్రవేత్త మోలెన్‌గ్రాఫ్ వందేళ్ల కిందటే ఆ అడుగున మునిగిన నదుల దారులు గీసి చూపారు. దానికి చేపలు కూడా వంత పాడాయి. పశ్చిమ బోర్నియోలోని కపువాస్ నదిలో, సముద్రం అవతల సుమత్రాలోని మూసి నదిలో ఒకే రకం మంచినీటి చేపలు చాలా ఉన్నాయి. (మన హైదరాబాదు మూసీకీ దానికీ పేరులో తప్ప సంబంధం లేదు.) అదే బోర్నియోలో తూర్పు వైపు పారే మహాకమ్ చేపలతో కపువాస్ చేపలకు అంత పోలిక లేదు. మంచినీటి చేప సముద్రాన్ని ఈదలేదు. రెండు నదులూ ఇప్పుడు సముద్రమున్న చోట ఒకే పెద్ద నదిలో కలిసేవి కాబట్టే ఆ చుట్టరికం. ఆ మునిగిన ఏటి అడుగుల్లోనే తగరపు ఖనిజం కూడా ఉంది. బంగ్కా, బెలితుంగ్ దీవుల చుట్టూ డ్రెడ్జర్లు సముద్రపు నేలను తవ్వి తగరం తీస్తున్నాయంటే, నిజానికి అవి తవ్వుతున్నది పాత నదీగర్భాలను.

ఫ్రాన్స్‌లో మార్సేయి దగ్గరి కోస్కే గుహది మరో తీరు. దాని నోరు ఇప్పుడు సముద్రంలో 37 మీటర్ల లోతున ఉంది. 1985లో ఆన్రీ కోస్కే అనే గజ ఈతగాడు పొడవాటి సొరంగంలో పైకి ఈదుకుంటూ పోతే, నీళ్లు ఎక్కని గది తగిలింది. గోడల మీద చేతి ముద్రలు, గుర్రాలు, సముద్రపు పక్షుల బొమ్మలు. వేసినవాళ్లు గుహలోకి నడిచే వెళ్లారు. అప్పటికి ఒడ్డు అక్కడి నుంచి కిలోమీటర్ల దూరం.

ఇక మన తీరాలు. ముంబై ఎదుట ఖండతీరపు అంచు మీద, ఒడ్డుకు చాలా దూరంలో, విశాలమైన చదును నేల ఒకటుంది. నావికుల పటాల్లో దాని పేరు యాభై బారల మైదానం. అంటే తొంభై మీటర్ల చిల్లర లోతు. అక్కడి నుంచి తెచ్చిన నమూనాలో కొన్ని గింజలు అరచేతిలో వేసుకుంటే చేప జనను ఎండబెట్టి ఆరబోసినట్టుంటాయి. గుండ్రంగా, నున్నగా, తెల్లగా. ఒక గింజను అరగదీసి సూక్ష్మదర్శినిలో చూస్తే మధ్యలో చిన్న ఇసుక రేణువో, గుల్ల తునకో ఉంటుంది. దాని చుట్టూ ఉల్లిపాయ పొరల్లా సున్నపు పొరలు. వీటిని ఊయిడ్లు అంటారు. అలలకు అటూ ఇటూ దొర్లుతూ, ఎండకు వెచ్చబడిన సున్నపు నీటిలో పొర మీద పొర కట్టించుకుంటూ పెరుగుతాయి. ఈరోజు బహామాస్ దీవుల దగ్గర, మనిషి నిలబడితే మునగనంత లోతులో ఇలాంటివి తయారవుతున్నాయి. తొంభై మీటర్ల లోతులో అల తాకిడి లేదు. వెచ్చదనం లేదు. దొర్లడం లేదు. అక్కడ అవి పుట్టే వీలే లేదు. తూర్పు తీరంలో కూడా ఖండతీరపు అంచు బయటి భాగాల్లో ఇలాంటి గింజలున్నాయి. వాటిలో ఒక్కొక్కటీ పాత ఒడ్డుకు గుర్తు.

అవి ఇంకా బయటికి కనబడుతూ ఉండడానికి ఓ కారణం ఉంది. నదుల బురద అంత దూరం చేరడం లేదు. ఒడ్డు దగ్గరే ఆగిపోతోంది. సముద్రం కిందికి దిగిన రోజుల్లో మాత్రం గోదావరి, కృష్ణలు ఇప్పటి మొగల దగ్గర ఆగలేదు. బయటపడ్డ నేల మీద ఇంకా ముందుకు పారి, అరుగు అంచు దగ్గర సముద్రంలో కలిసేవి. తెచ్చిన ఒండ్రునంతా నేరుగా వాలు మీదికి గుమ్మరించేవి. అక్కడ మట్టి కలిసిన బరువైన నీరు కొండవాగులా కిందికి దూసుకుపోతుంది. దారిలో వాలును కోస్తుంది. ప్రపంచమంతటా సముద్రంలోని లోయలకు ఇలాంటి ప్రవాహాలు పదును పెట్టాయి. బంగాళాఖాతం వాలు మీద ఇలాంటి లోయల గుంపును 1960లలో అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వర్ణించారు. అంతకు ముందే ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, వాల్తేరులో సముద్ర శాస్త్ర అధ్యయనానికి పునాది వేసినవారిలో ఒకరు. ఆ లోయలకు ఆంధ్ర, కృష్ణ, మహదేవన్ అని పేర్లు పెట్టారు. చివరిది అక్కడి భూగర్భ శాస్త్ర ఆచార్యులు సి. మహదేవన్ పేరు. సముద్రపు అడుగున తెలుగు పేర్లున్నాయని చాలామందికి తెలియదు. తెలియాల్సిన సంగతి.

బంగ్లాదేశ్ ఎదుట ఇంకా పెద్ద లోయ ఉంది. పాతకాలపు ఇంగ్లిషు నావికులు దానికి పెట్టిన పేరుకు అర్థం, గుండుకు నేల అందని చోటు. చుట్టూ అరుగు లోతు పదుల మీటర్లే. అక్కడ మాత్రం తాడంతా దిగినా సీసం నేలకు తాకేది కాదు. సముద్రం తగ్గినప్పుడు గంగా బ్రహ్మపుత్రల ఒండ్రు ఆ లోయలోంచి జారి, శ్రీలంక దాటి దక్షిణానికి దాదాపు మూడు వేల కిలోమీటర్ల వరకు పరుచుకుంది. ప్రపంచంలో సముద్రగర్భాన విసనకర్ర ఆకారంలో ఏర్పడిన మట్టి మేటల్లో ఇదే పెద్దది.

సుమారు ఏడు, ఆరు వేల ఏళ్ల కిందటికి సముద్రం దాదాపు ఇప్పటి మట్టానికి చేరి ఆగింది. ఆ ఆగడం వల్లే మనకు డెల్టాలు దక్కాయి. నీరు పరుగున పెరుగుతున్నంత కాలం నది తెచ్చిన మట్టి ఎక్కడా నిలదొక్కుకోలేదు. ఒడ్డు స్థిరపడ్డాక ఒకే మొగ దగ్గర ఏటేటా ఒండ్రు పడి, నేల సముద్రంలోకి చొచ్చుకుపోవడం మొదలైంది. ప్రపంచంలోని పెద్ద డెల్టాలెన్నో 8,500 నుంచి 6,500 ఏళ్ల మధ్యనే మొదలయ్యాయని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. గోదావరి, కృష్ణ డెల్టాల మధ్య పల్లంలో కొల్లేరు మిగిలింది. ఇప్పటి తీరానికి చాలా లోపల, పొలాల మధ్య, వరసలు వరసలుగా ఇసుక మెరకలు కనబడతాయి. ఒక్కో వరస ఒక్కో కాలంలో సముద్రపు ఒడ్డు. కోనసీమలో కొబ్బరితోటలు పెరిగే ఇసుక నేలల్లో చాలా భాగం ఆ పాత ఒడ్డులే.

మునిగిన నేలలో ఎక్కడ ఏముందో తెలుసుకోవడం ఇంజనీర్లకు రోజువారీ అవసరం. డాగర్ బ్యాంక్ మీద ఇప్పుడు పెద్ద గాలిమరల క్షేత్రం లేస్తోంది. ఒక్కో మరకు లోతుగా ఇనుప స్తంభం దిగవేయాలి. కింద మంచుపలక తొక్కి గట్టిపరిచిన బంకమట్టి ఉందా, బురదతో నిండిన పాత ఏటి పాయ ఉందా అన్నది ముందే తెలియకపోతే స్తంభం నిలవదు. బ్రిటన్‌లో కాంక్రీటుకు వాడే గులకరాళ్లలో కొంత సముద్రం అడుగు నుంచే తోడతారు. అవి మునిగిన నదుల గులకరాళ్లు. 2007, 2008ల్లో అలా తోడి నెదర్లాండ్స్ రేవులో పోసిన గుట్టల్లో పాతరాతియుగపు చేతిగొడ్డళ్లు, మామత్ ఎముకలు బయటపడ్డాయి. వాటిని తెచ్చిన చోట కొన్నాళ్లు తవ్వకం ఆపారు.

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి. సినిమాల్లో చూసిన వాళ్లకు అవి పాటల లొకేషన్. నిజానికి అది మట్టి కాదు, ఇసుక. ఒక్కో రేణువుకు ఇనుము తుప్పు పట్టి ఎరుపెక్కింది. వర్షం కోసిన గెడ్డలు వాటి మధ్య వేళ్లలా పాకి ఉంటాయి. ఇంత ఇసుక ఇక్కడికి ఎలా వచ్చింది? సముద్రం వెనక్కి పోయిన కాలాల్లో ఎదుట ఆరిన ఇసుక మైదానం బయటపడింది. గాలి ఆ ఇసుకను లేపి తెచ్చి ఇక్కడ కుప్పపోసిందని భూగర్భ శాస్త్రవేత్తల అభిప్రాయం. భారత భూగర్భ సర్వే దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కింది. అయినా అంచుల్లో తవ్వకాలు, చదును చేయడాలు ఆగడం లేదని ఆ ప్రాంతపు వాళ్లూ, శాస్త్రవేత్తలూ మొత్తుకుంటూనే ఉన్నారు. ఒక్కసారి చదును చేసిన దిబ్బను తిరిగి పోయడానికి సముద్రం మళ్లీ వంద మీటర్లు తగ్గాలి.

పొద్దున్నే ఆ దిబ్బల మీద నిలబడితే కింద భీమిలి వైపు నుంచి పడవలు బయటికి పోతుంటాయి. కాళ్ల కింద ఉన్న ఇసుక ఏ నేల మీది నుంచి ఎగిరి వచ్చిందో, సరిగ్గా ఆ నేల మీదే ఇంకాసేపట్లో వాళ్లు వలలు దింపుతారు.